టెన్త్‌లో టాప్ కొట్టిన నిర్మల్.. మరి పిల్లల మనసు ఎవరు చూస్తున్నారు?

పదో తరగతి ఫలితాలు అనగానే నిర్మల్ పేరు టీవీ తెరల మీద మోగిన రోజులు గుర్తున్నాయా? 2023లో 99 శాతం ఉత్తీర్ణతతో రాష్ట్రంలోనే ఫస్ట్. 2024లో 99.05 శాతంతో మళ్లీ ఫస్ట్. ఆ ఏడాది రాష్ట్ర సగటు 91.31 శాతం. 2016 అక్టోబర్ 11న పాత ఆదిలాబాద్ నుంచి విడిపోయి ఏర్పడిన చిన్న జిల్లా.. వరుసగా రెండేళ్లు హైదరాబాద్ లాంటి మహానగరాన్ని కూడా వెనక్కి నెట్టేసింది.

మార్కుల విషయంలో ఈ జిల్లా ఏం చేయగలదో తేలిపోయింది. ఇప్పుడు ఇంకో ప్రశ్న ముందుకొచ్చింది. మార్కుల కోసం పిల్లల మీద పెట్టినంత శ్రద్ధ వాళ్ల మనసు మీద పెడుతున్నామా? బాధొస్తే ఎవరికి చెప్పుకోవాలో, కోపమొస్తే ఎలా ఆపుకోవాలో, పక్క పిల్లాడితో ఎలా మెలగాలో బడిలో ఎవరైనా నేర్పుతున్నారా?

ఇది ఏదో ఉబుసుపోక అడుగుతున్న ప్రశ్న కాదు. విద్యార్థుల మానసిక ఆరోగ్యంపై 2025 జులై 25న సుప్రీంకోర్టు దేశంలోని విద్యాసంస్థలన్నింటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, అంతకంటే ఎక్కువ విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్ గానీ, సైకాలజిస్ట్ గానీ, సోషల్ వర్కర్ గానీ ఉండాలని చెప్పింది. మరి ముప్పై మంది పిల్లలతో నడిచే ఊరి బడి సంగతేంటి? నిర్మల్ లాంటి జిల్లాలో అసలు చిక్కు ఇక్కడే ఉంది.

అసలేంటీ సోషల్ ఎమోషనల్ లెర్నింగ్?

పేరు పెద్దదే కానీ విషయం అందరికీ తెలిసిందే. ఈ రంగంలో 1994 నుంచి పనిచేస్తున్న అమెరికా సంస్థ కాసెల్ దీన్ని ఐదు నైపుణ్యాలుగా విడదీసింది. తన మనసులో ఏముందో తాను గుర్తించడం ఒకటి. దాన్ని అదుపులో పెట్టుకోవడం రెండు. ఎదుటివాళ్ల పరిస్థితిని అర్థం చేసుకోవడం మూడు. నలుగురితో కలిసిమెలిసి ఉండటం నాలుగు. మంచీచెడూ ఆలోచించి నిర్ణయం తీసుకోవడం ఐదు.

మన భాషలో చెప్పాలంటే ఇలా. గణితంలో సున్నా వచ్చిన పిల్లాడు "నేను మొద్దును" అనుకుంటాడా, "నాకు భిన్నాలు అర్థం కాలేదు" అనుకుంటాడా? తోటి పిల్లలు వెక్కిరిస్తే రాయి తీసుకుంటాడా, సార్ దగ్గరికి వెళ్తాడా? ఇంట్లో గొడవైన రోజు బడికి వచ్చి ముడుచుకొని కూర్చుంటాడా, "మేడం, ఇయ్యాల మనసు మంచిగ లేదు" అని చెప్పగలడా? ఈ తేడా పుట్టుకతో వచ్చేది కాదు. నేర్పితే వస్తుంది.

ఉన్నవాళ్ల ఇళ్లలో పిల్లలు కూడా ఇవన్నీ పుస్తకం చదివి నేర్చుకోరు. పక్కన కూర్చుని మాట్లాడే పెద్దవాళ్లను చూసి నేర్చుకుంటారు. మరి పక్కన కూర్చోవడానికి పెద్దవాళ్లకు తీరికే లేని ఇళ్ల సంగతి?

బాపు దుబాయ్‌లో.. అమ్మ చాట ముందు

నిర్మల్, జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్.. ఉత్తర తెలంగాణలో గల్ఫ్ వలస లేని ఊరు వెతకాల్సిందే. తండ్రి దుబాయ్‌లోనో, సౌదీలోనో, మస్కట్‌లోనో కూలి పనిలో ఉంటాడు. రెండేళ్లకోసారి సెలవు దొరికితే గొప్ప. పిల్లాడికి తండ్రి అంటే సెల్‌ఫోన్ తెర మీద కనిపించే ముఖం. ఏజెంటుకు కట్టిన అప్పు తీరకపోయినా, కంపెనీ జీతం ఆపేసినా ఆ సంగతి ఇంట్లో అందరికంటే ముందు పసిగట్టేది పిల్లలే. కానీ వాళ్లతో ఆ మాట ఎవరూ చెప్పరు.

ఇక తల్లి. ఈ ప్రాంతంలో లక్షల మంది ఆడవాళ్లకు బీడీలే బతుకుదెరువు. ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి. చేయి ఆగితే కూలి ఆగుతుంది. బడి నుంచి వచ్చిన బిడ్డ ఏదో చెప్పబోతే తల్లి వింటుంది, కానీ తల ఎత్తదు. ఆ తల్లికి ప్రేమ లేదని ఎవరు అనగలరు? ఆమెకు లేనిది తీరిక. చాలా ఇళ్లలో ఆడపిల్లలు హోంవర్క్ కంటే ముందు బీడీల పనిలో ఓ చేయి వేయాల్సిందే. బీడీ కార్మికులకు తెలంగాణ సర్కారు 2015 నుంచి పింఛన్ ఇస్తోంది. ఇంటికి అది ఆసరానే. కానీ తల్లికి సాయంత్రం ఓ గంట తీరిక మాత్రం ఏ పథకమూ ఇవ్వలేదు.

గల్ఫ్ కార్మికుల కోసం 2024 సెప్టెంబర్‌లో రాష్ట్ర ప్రభుత్వం కొన్ని నిర్ణయాలు తీసుకుంది. అక్కడ చనిపోయిన కార్మికుడి కుటుంబానికి రూ.5 లక్షల ఎక్స్‌గ్రేషియా, వాళ్ల పిల్లలకు గురుకులాల్లో ప్రవేశాల్లో ప్రాధాన్యం. ఇవి మంచి నిర్ణయాలే. కానీ తండ్రి శవపేటికలో ఇంటికొచ్చిన పిల్లాడు ఆ తర్వాత గురుకులంలో చేరితే, మొదటి నెల రాత్రుళ్లు వాడి పక్కన ఎవరుంటారు? సీటు ఇచ్చే ఉత్తర్వులో ఈ ప్రశ్నకు జవాబు దొరకదు.

అడవి పక్క బడుల్లో ఇంకో మౌనం

ఖానాపూర్, పెంబి, కడెం వైపు వెళ్తే కథ మారుతుంది. అక్కడ గోండు, నాయక్‌పోడ్, లంబాడా పిల్లలు ఎక్కువ. ఇంట్లో మాట్లాడేది ఒక భాష, బడిలో పాఠం ఇంకో భాష. తెలుగులో 'బాధ', 'భయం', 'సిగ్గు' అనే మాటలకు తేడా తెలియని వయసులో "నీకేమైంది?" అని తెలుగులో అడిగితే ఆ పిల్ల ఏం చెబుతుంది? తలొంచుకుంటుంది. రిజిస్టర్‌లో ఆ పిల్ల పేరు పక్కన 'చురుకుదనం తక్కువ' అని పడుతుంది.

అటు భైంసా, ముథోల్, తానూర్ వైపు తెలుగు, ఉర్దూ, మరాఠీ.. మూడు భాషలూ వినిపిస్తాయి. 2020 జనవరిలో, మళ్లీ 2021 మార్చిలో భైంసా పట్టణంలో జరిగిన అల్లర్లు రాష్ట్రమంతా చూసింది. పెద్దల గొడవ సద్దుమణిగాక దుకాణాలు తెరుచుకుంటాయి. కానీ కాలిపోయిన బండిని, మూసిన గల్లీని చూసిన పిల్లాడి బుర్రలో ఏం మిగులుతుంది? ఎదుటివాళ్ల పరిస్థితిని అర్థం చేసుకోవడం అనే పాఠం అక్కడి పిల్లలకు అన్నంతో సమానం. ఒకే ఊళ్లో రెండు మీడియాల పిల్లలు కలిసి ఆడుకునే రోజులు ఏడాదిలో ఎన్ని ఉన్నాయో లెక్కేసుకుంటే చాలు, ఆ పాఠం ఎంత నడుస్తోందో తెలిసిపోతుంది.

సుప్రీంకోర్టు ఏం చెప్పింది?

విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న 17 ఏళ్ల విద్యార్థిని మృతి కేసు ఇది. కన్న తండ్రి న్యాయం కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. జస్టిస్ విక్రమ్‌నాథ్, జస్టిస్ సందీప్ మెహతా ధర్మాసనం కేసును సీబీఐకి అప్పగించింది. దాంతో ఆగలేదు. చట్టం వచ్చే దాకా అమల్లో ఉండేలా 15 మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిలో సర్కారు బడులకు నేరుగా తగిలేవి ఇవీ..

- వంద మంది, అంతకంటే ఎక్కువ ఉన్న సంస్థల్లో కౌన్సెలర్ లేదా సైకాలజిస్ట్ లేదా సోషల్ వర్కర్ ఉండాలి.
- అంతకంటే తక్కువ మంది ఉంటే బయటి మానసిక ఆరోగ్య నిపుణులతో అధికారికంగా సంబంధం పెట్టుకోవాలి.
- టీచర్లకే కాదు, బడిలో పనిచేసే మిగతా సిబ్బందికి కూడా ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి.
- మార్కులను బట్టి పిల్లలను బ్యాచ్‌లుగా విడదీయడం, అందరి ముందు అవమానించడం వీలైనంత వరకు మానుకోవాలి.
- ఎస్సీ, ఎస్టీ, బీసీ, పేద పిల్లలు, వికలాంగులు, ఇల్లు లేక సంరక్షణలో ఉన్న పిల్లలతో వివక్ష లేకుండా, వాళ్ల పరిస్థితి తెలిసి మెలగాలి.
- అమలు చూడటానికి కలెక్టర్ అధ్యక్షతన జిల్లా కమిటీ ఉండాలి.

వినడానికి బాగానే ఉంది. ఇప్పుడు ఊరి బడి దగ్గరికి రండి. పల్లెల్లోని ప్రాథమిక పాఠశాలల్లో చాలావాటిలో పిల్లల సంఖ్య వంద దాటదు. విద్యాహక్కు చట్టం లెక్క ప్రకారం 60 మంది లోపుంటే ఇద్దరే టీచర్లు. ఆ ఇద్దరే ఐదు తరగతులు చెప్పాలి, మధ్యాహ్న భోజనం చూడాలి, ఆన్‌లైన్‌లో హాజరు ఎక్కించాలి, మీటింగ్‌లకు పోవాలి. అంటే కౌన్సెలర్ నిబంధన జిల్లా కేంద్రంలోని పెద్ద హైస్కూల్‌కు, గురుకులానికి వర్తిస్తుంది. ఎవరూ లేని చిన్న బడికి మాత్రం 'బయటి నిపుణులతో సంబంధం' అనే ఒక్క వాక్యం మిగులుతుంది. పెంబి అడవి అంచు బడికి బయటి నిపుణుడు ఎంత దూరంలో ఉంటాడు? అవసరం ఎక్కువున్న చోటే ఏర్పాటు పలచగా ఉంది.

చట్టాలున్నాయి.. పీరియడ్ ఏది?

నిజానికి ఈ విషయంలో కాగితాలకు కొదవ లేదు. 2009 విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ బడిలో కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్ని కూడా నిషేధించింది. పిల్లాడు భయం, ఆందోళన లేకుండా చదువుకోవాలని 29వ సెక్షన్ చెబుతోంది. 2020 జాతీయ విద్యా విధానం సామాజిక, భావోద్వేగ వికాసాన్ని చదువు లక్ష్యాల్లో ఒకటిగా రాసింది.

అంతే కాదు. 2020 ఫిబ్రవరిలో మొదలైన ఆయుష్మాన్ భారత్ పాఠశాల ఆరోగ్య కార్యక్రమం ప్రకారం ప్రతి బడిలో ఇద్దరు టీచర్లను, వీలైతే ఒక సార్‌ను, ఒక మేడంను 'హెల్త్ అండ్ వెల్‌నెస్ అంబాసిడర్లు'గా పెట్టాలి. వాళ్లు చెప్పాల్సిన 11 అంశాల్లో మానసిక ఆరోగ్యం ఒకటి. మన రాష్ట్ర ప్రోగ్రెస్ కార్డుల్లో 'విలువల విద్య, జీవన నైపుణ్యాలు' అనే కాలమ్ కూడా ఏళ్ల తరబడి ఉంది.

మరి ఏం జరుగుతోంది? చాలా చోట్ల ఆ పీరియడ్ గణితానికో, సైన్స్‌కో పోతుంది. కాలమ్‌లో గ్రేడ్ మాత్రం పడుతుంది. టీచర్లను తప్పు పట్టి లాభం లేదు. రివ్యూ మీటింగ్‌లో హెడ్‌మాస్టర్‌ను అడిగేది పాస్ శాతమే. "మీ బడిలో ఈ నెల ఎంతమంది పిల్లలు తమ బాధ చెప్పుకున్నారు?" అని ఎవరూ అడగరు. అడగని పనికి సమయం దొరకదు.

ఇక్కడే ఇంకో ఇరకాటం. పదో తరగతి ఫలితాల కోసం ఏం చేస్తారో అందరికీ తెలుసు. ఉదయం, సాయంత్రం స్పెషల్ క్లాసులు. వెనకబడిన పిల్లల జాబితా. ఏ గ్రూప్, బీ గ్రూప్, సీ గ్రూప్. ఈ పద్ధతితో పిల్లలు పాసవుతున్నారు, అబద్ధం కాదు. కానీ 'సీ గ్రూప్' అనే ముద్ర పడ్డ పిల్ల మనసులో ఏం జరుగుతుందో ఫలితాల షీట్‌లో కనిపించదు. సుప్రీంకోర్టు వద్దంటున్నది ఈ విడదీయడాన్నే. వెనకబడినవాళ్లకు అదనపు సాయం చేయొచ్చు, చేయాలి కూడా. ఆ సాయానికి పేరు పెట్టి గోడకు అంటించాల్సిన పని లేదు.

ఆదిలాబాద్‌కు ఇది కొత్త కాదు

పాత ఆదిలాబాద్ జిల్లా ఈ పాఠాన్ని ఎనభై ఏళ్ల కిందటే ఒకసారి చదివింది. కుమురం భీం పోరాటం తర్వాత నిజాం ప్రభుత్వం మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను గోండుల పరిస్థితి అధ్యయనం చేయడానికి పంపింది. ఆయన చొరవతో 1943లో మార్లవాయిలో గోండు టీచర్లకు శిక్షణ కేంద్రం మొదలైంది. ఆ ఊరు ఇప్పుడు కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో ఉంది. గోండీ భాషలోనే, నాగరి లిపిలో వాచకాలు తయారయ్యాయి.

అప్పట్లో దాన్ని ఎవరూ సోషల్ ఎమోషనల్ లెర్నింగ్ అనలేదు. కానీ అందులో ఉన్న సూత్రం అదే. బయటివాళ్లంటే బెదిరిపోయే పిల్లల ముందు వాళ్ల మాట మాట్లాడే, వాళ్ల పండుగ తెలిసిన మనిషిని టీచర్‌గా నిలబెట్టారు. పిల్లాడు ముందు మనిషిని నమ్మాలి, అక్షరాలు ఆ తర్వాత అని గుర్తించారు.

గురుకులాల అనుభవం ఇంకొకటి. ఆర్.ఎస్.ప్రవీణ్‌కుమార్ 2012 నుంచి 2021 వరకు సాంఘిక సంక్షేమ గురుకులాల కార్యదర్శిగా ఉన్నప్పుడు పిల్లల్లో ఆత్మగౌరవం నింపడాన్నే ప్రధాన పనిగా పెట్టుకున్నారు. తాము ఎవరికీ తక్కువ కాదని పిల్లలు రోజూ ప్రతిజ్ఞ చేసేవాళ్లు. నిజామాబాద్ జిల్లా పాకాలకు చెందిన గిరిజన బాలిక మాలావత్ పూర్ణ 2014 మే 25న 13 ఏళ్ల వయసులో ఎవరెస్ట్ ఎక్కింది ఆ కాలంలోనే. వెయ్యి ఉపన్యాసాలు చేయలేని పని ఆ ఒక్క ఫొటో చేసింది. అయితే శిఖరం ఎక్కే పిల్లలు ఒకరిద్దరే ఉంటారు. ఎక్కలేని పిల్లాడి మంచం పక్కన రాత్రి ఎవరు కూర్చుంటారన్నది రోజువారీ ప్రశ్న. ప్రతిజ్ఞ ఆ పని చేయలేదు. మనిషే చేయాలి.

దేశంలో పెద్ద ఎత్తున జరిగిన ప్రయత్నం ఢిల్లీది. 2018 జులైలో అక్కడి ప్రభుత్వ బడుల్లో నర్సరీ నుంచి ఎనిమిదో తరగతి వరకు 'హ్యాపీనెస్ కరికులమ్' మొదలైంది. రోజూ ఒక పీరియడ్. కాసేపు నిశ్శబ్దంగా కూర్చోవడం, ఓ కథ, దాని మీద మాటలు. పుస్తకం లేదు, పరీక్ష లేదు. అందులో నిర్మల్ తీసుకోదగ్గది ఒకటుంది. ఆ పీరియడ్‌ను టైమ్‌టేబుల్‌లో ఖాయం చేయడం.

నిజంగా పనిచేస్తుందా?

"పేద పిల్లలకు కావాల్సింది చదువు, ఉద్యోగం. మనసు, భావాలు అంటూ టైమ్ వేస్ట్ ఎందుకు?" అనే మాట చాలామంది అంటారు. తీసిపారేయాల్సిన మాటేం కాదు. గల్ఫ్ అప్పుల్లో ఉన్న ఇంటికి పిల్లాడి టెన్త్ పాస్ అంటే ఓ ఆశ.

అయితే చదువుకూ మనసుకూ పోటీ లేదని పరిశోధనలు చెబుతున్నాయి. 213 స్కూల్ కార్యక్రమాలను, అందులోని 2,70,000 మందికి పైగా విద్యార్థులను లెక్కలోకి తీసుకొని 2011లో అమెరికా పరిశోధకులు ఓ విశ్లేషణ ప్రచురించారు. ఇలాంటి శిక్షణ అందుకున్న పిల్లలు మిగతావాళ్ల కంటే చదువులో 11 పర్సంటైల్ పాయింట్లు ముందున్నట్లు తేలింది. అక్కడి బడులు వేరు, ఇక్కడివి వేరు. ఆ అంకెను తెచ్చి యథాతథంగా నిర్మల్‌కు అతికించలేం. కానీ మనసు కుదుటపడిన పిల్లాడికి పాఠం ఎక్కుతుందన్న సంగతి ఏ టీచర్‌ను అడిగినా చెబుతారు.

ఇంకో అభ్యంతరం ఇంతకంటే బలమైనది. పిల్లలకు 'కోపం తగ్గించుకో, ఓర్చుకో' అని నేర్పితే.. అన్నంలో పురుగులొచ్చినా, బాత్రూంకు తలుపు లేకపోయినా ఓర్చుకోమన్నట్టే కదా? ఈ అనుమానం నిజమే. దానికి జవాబు కూడా నిర్మల్ జిల్లాలోనే ఉంది.

2022 జూన్‌లో బాసర ట్రిపుల్ ఐటీ విద్యార్థులు వేల మంది వారం రోజుల పాటు ఎండలో, వానలో కూర్చున్నారు. ఎక్కువ మంది సర్కారు బడుల్లో చదివి, టెన్త్ మార్కులతో సీటు తెచ్చుకున్న పేదింటి పిల్లలే. సరైన వసతులు, వీసీ, అధ్యాపకులు కావాలని డిమాండ్ల జాబితా రాసుకున్నారు. విధ్వంసం లేదు. చివరికి విద్యాశాఖ మంత్రి స్వయంగా వచ్చి మాట్లాడాకే లేచారు. కోపాన్ని డిమాండ్‌గా మార్చడం, వేల మంది ఒక్క మాట మీద ఉండటం, ఎదుటివాళ్లతో కూర్చుని మాట్లాడటం.. ఆ ఐదు నైపుణ్యాల్లో చాలావరకు ఇవే. మనసు గురించి నేర్పే చదువు పిల్లలను నోరు మూయిస్తే అది తప్పుడు చదువు. నోరు విప్పి అడగడం నేర్పితే సరైనది.

అదే క్యాంపస్ నుంచి ఆ తర్వాతి ఏళ్లలో విద్యార్థుల మరణాల వార్తలు కూడా వచ్చాయి. కలిసి అడగగలిగిన పిల్లలు ఒంటరిగా ఉన్నప్పుడు ఎందుకు చెప్పుకోలేకపోతున్నారు? ఆరో తరగతిలో మొదలవ్వాల్సిన పని పదహారేళ్ల వయసులో మొదలుపెడితే ఆలస్యమవుతుందని ఆ వార్తలు హెచ్చరిస్తున్నాయి.

జిల్లాలో ఇప్పటికే ఏముంది?

చేతులు ముడుచుకు కూర్చున్నారని అనలేం. జిల్లా యంత్రాంగం 'బాలశక్తి' పేరుతో సర్కారు బడి పిల్లలకు ఆరోగ్యం, ఆర్థిక అవగాహన లాంటి విషయాలు చెప్పే కార్యక్రమం చేపట్టింది. పోలీసు శాఖ 'పోలీస్ అక్క' పేరుతో మహిళా పోలీసులను బడులకు, కాలేజీలకు పంపి ఆడపిల్లలతో మాట్లాడిస్తోంది. 'మేడం' అని కాకుండా 'అక్క' అని పిలిపించుకోవడంలోనే సగం భయం పోతుంది.

అయితే ఇవి వచ్చిపోయే కార్యక్రమాలు. అక్క నెలకోసారి రావచ్చు. అధికారి బదిలీ అయితే కార్యక్రమం ఊపు తగ్గవచ్చు. పిల్లాడికి కష్టం మాత్రం మంగళవారం మధ్యాహ్నం ఏ ప్రోగ్రామూ లేని రోజున వస్తుంది. ఆ రోజు బడిలో ఉండేది టీచర్, వంట చేసే అమ్మ, హాస్టల్ అయితే వార్డెన్, వాచ్‌మన్. సుప్రీంకోర్టు టీచర్లు కాని సిబ్బందికీ శిక్షణ ఇవ్వమన్నది అందుకే.

ఏం చేస్తే బాగుంటుంది?

కోట్లు అక్కర్లేని పనులు చాలా ఉన్నాయి.

చిన్న బడులకు కలిపి ఒక కౌన్సెలర్: ప్రతి చిన్న బడికీ ఒకరిని పెట్టడం కుదరదు. కానీ స్కూల్ కాంప్లెక్స్ అనే ఏర్పాటు ఇప్పటికే ఉంది. ఒక హైస్కూల్ కింద చుట్టుపక్కల ప్రాథమిక బడులన్నీ వస్తాయి. ఆ కాంప్లెక్స్ మొత్తానికి ఒక కౌన్సెలర్ లేదా సోషల్ వర్కర్‌ను పెట్టి, ఏ బడికి ఏ వారం వస్తారో ముందే చెప్పేస్తే చాలు. అప్పుడు వంద మంది నిబంధన చిన్న బడులకు అడ్డం రాదు. గిరిజన మండలాల్లో ఆ మనిషికి గోండీ గానీ, లంబాడీ గానీ వచ్చి ఉంటే ఇంకా మంచిది. మార్లవాయి నేర్పింది అదే.

హాజరుతో పాటు పది నిమిషాలు: పొద్దున హాజరు తీసుకునేటప్పుడే "ఇయ్యాల ఎట్లున్నరు?" అని గుండ్రంగా కూర్చోబెట్టి అడిగే పది నిమిషాలు టైమ్‌టేబుల్‌లో రాయాలి. చెప్పడం ఇష్టం లేని పిల్లలను బలవంతం చేయకూడదు. విన్నది నలుగురిలో చెప్పకూడదు. ఈ రెండు నియమాలు లేకపోతే ఆ పది నిమిషాలు మేలు కంటే కీడే చేస్తాయి.

తల్లిదండ్రుల మీటింగ్ వాళ్ల వీలును బట్టి: బీడీలు చుట్టే తల్లి బీడీలు అప్పగించే వేళ మీటింగ్ పెడితే రాదు. రాకపోతే 'శ్రద్ధ లేదు' అని రాసేస్తారు. గల్ఫ్‌లో ఉన్న తండ్రికి వారంలో ఒక రోజు సెలవుంటుంది. ఆ రోజు వీడియో కాల్‌లో టీచర్ ఐదు నిమిషాలు మాట్లాడితే, తన బిడ్డ బడి ఎలా ఉంటుందో ఆ తండ్రి మొదటిసారి చూస్తాడు. పిల్లాడికి అది చిన్న విషయం కాదు.

ఎవరికి అప్పగించాలో రాసి ఉండాలి: టీచర్ డాక్టర్ కాదు. తిండి మానేసిన, మాట మానేసిన, తనను తాను గాయపరచుకుంటున్న పిల్లను చూసినప్పుడు ఏ నంబర్‌కు ఫోన్ చేయాలి, ఏ ఆస్పత్రికి పంపాలి? పిల్ల మీద వేధింపులు జరుగుతుంటే ఎవరికి చెప్పాలి? ఇది స్టాఫ్ రూం గోడ మీద రాసి ఉండాలి. లేకపోతే టీచర్ భయపడి ఊరుకుంటారు.

టీచర్ మీద భారం తగ్గించాలి: ఇది అన్నింటికంటే ముఖ్యం. పిల్లాడి మాట వినమని చెప్పి, అదే టీచర్‌కు ఇంకో యాప్, ఇంకో రిజిస్టర్ ఇస్తే పని జరగదు. మనసు బడలిన టీచర్ పిల్లల మనసు చూడలేరు. ఒక రిజిస్టర్ తీసేసి ఆ సమయాన్ని పిల్లలకు ఇవ్వడమే అసలైన సంస్కరణ.

ముందు ముందు ఏం చూడాలి?

కలెక్టర్ అధ్యక్షతన ఉండాల్సిన కమిటీ పని కోచింగ్ సెంటర్ల తనిఖీతో ఆగిపోతుందా, ఊరి బడి దాకా వస్తుందా అన్నది మొదట చూడాల్సింది. శిక్షణ ఏడాదికి రెండుసార్లు ఫొటోలు దిగే కార్యక్రమంగా మిగులుతుందా, వంట అమ్మ దాకా చేరుతుందా అన్నది రెండోది. రివ్యూ మీటింగ్‌లో పాస్ శాతం పక్కన ఇంకో ప్రశ్న చేరుతుందా అన్నది మూడోది.

టెన్త్‌లో ఫస్ట్ రావడానికి నిర్మల్ చేసిన పని గుర్తు తెచ్చుకుంటే దారి కనిపిస్తుంది. పాస్ శాతం కోసం అధికారులు ఒక్కో బడి లెక్క అడిగారు. ఆ లెక్కలో ఒక్కో పిల్లా, పిల్లాడూ ఉన్నారు. టీచర్లు గంట ముందొచ్చి, గంట ఆలస్యంగా వెళ్లారు. ఒక పని ముఖ్యమని జిల్లా నిజంగా అనుకుంటే అది జరుగుతుందని ఆ రెండేళ్ల ఫలితాలు చూపించాయి. బాపు దూరంగా ఉన్న పిల్లాడు, చాట ముందు తల ఎత్తలేని తల్లి బిడ్డ, తెలుగు రాక మూలన కూర్చున్న గోండు పిల్ల.. వీళ్ల కోసం కూడా అంతే పట్టుదలగా లెక్క అడిగే రోజు ఎప్పుడన్నదే ఇప్పుడు జిల్లా ముందున్న ప్రశ్న.

సాయం కావాలంటే: మానసిక ఆందోళనలో ఉన్న పిల్లలు, పెద్దలు ఎవరైనా టెలీ మానస్ నంబర్ 14416కు ఉచితంగా ఫోన్ చేయొచ్చు. తెలుగులో మాట్లాడతారు, 24 గంటలూ పనిచేస్తుంది. పిల్లలపై వేధింపులు, బాల కార్మికులు, బాల్య వివాహాల సమాచారం చెప్పాలంటే చైల్డ్ హెల్ప్‌లైన్ 1098.